ఐదో ఆట ఎవరిది?

“పాపని ఈ ఏడు డబుల్స్‌లో పెడదాం సార్,” అన్నాడు కోచ్.

ఆదివారం పొద్దున్నే, కోర్టు బయట చెప్పులు విడిచే చోట నిలబడి, ఎవరిదో రాకెట్‌లో తెగిన గట్టింగ్ పీకేస్తూ మామూలుగా అన్న మాట అది. నాకు మాత్రం చివుక్కుమంది. పిల్లని ఇంటర్లో చేర్చడానికి వెళ్తే లెక్చరర్ మార్కుల కాగితం చూసి “ఎంపీసీ ఎందుకులెండి, సీఈసీ ఇప్పించండి” అన్నట్టు వినపడింది. “సింగిల్స్ బాగానే ఆడుతోందిగా మాస్టారూ?” అన్నాను. “బాగానే ఆడుతోంది సార్. డబుల్స్ ఇంకా బాగా ఆడుద్ది,” అన్నాడు తల ఎత్తకుండా.

బండి మీద ఇంటికొచ్చేదాకా వెనక కూర్చున్న పిల్ల ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గేటు తీస్తూ మాత్రం, “సింగిల్స్ ఓడిపోతే నేనొక్కదాన్నే ఏడవాలి నాన్నా. డబుల్స్ అయితే తోడుంటారు,” అని లోపలికి పోయింది.

నాకెందుకు అంత చివుక్కుమందో వారం రోజులు ఆలోచించాను. ఎందుకంటే నేను షటిల్ తెలియనివాణ్ణి కాదు. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే ఐదున్నరకి బ్యాట్ భుజాన వేసుకుని వెళ్తున్నవాణ్ణి. ఆడేదంతా డబుల్సే. నలభై దాటినవాళ్ళెవరూ సింగిల్స్ ఆడరు, మోకాళ్ళు ఒప్పుకోవు. నేను రోజూ ఆడే ఆటే నా కూతురు ఆడుతుందంటే ఎందుకు చిన్నతనం అనిపించింది? ఆ ప్రశ్న తవ్వుతూ పోతే, మగవాళ్ళ జట్లు దేశాల తరఫున ఆడే థామస్ కప్ దగ్గర తేలాను. ఆ కప్పు మనం గెలిచిన రోజు గంతులేశాను గానీ, దాన్ని ఎవరు ఎలా గెలుస్తారో సరిగ్గా చూడలేదని అర్థమైంది.

ఆవకాయ రోజు

2022 మే 15. ఆ ఆదివారం మా ఇంట్లో ఆవకాయ. మా అత్తగారు నాకో పాత పంచె చింపిచ్చి, కొట్టిన ముక్కల బేసిన్ ముందు కూర్చోబెట్టారు. ముక్క లోపలి పొర తీసి, తడి లేకుండా తుడిచి పక్కన పడెయ్యాలి. ఫోను ఆవపిండి డబ్బాకి ఆనించి పెట్టుకుని బ్యాంకాక్‌లో మన ఫైనల్ చూస్తున్నాను.

లక్ష్య సేన్ మొదటి గేమ్‌ని గింటింగ్‌కి 8-21తో ఇచ్చేశాడు. ఇక ఇంతేలే అనుకుని నాలుగు ముక్కలు శ్రద్ధగా తుడిచాను. 21-17, 21-16తో తర్వాతి రెండూ తీసుకున్నాడు. తర్వాత డబుల్స్, సాత్విక్, చిరాగ్. అవతల అహ్సాన్, సుకముల్జో. మొదటి గేమ్ 18-21. రెండో గేమ్‌లో ఇండోనేషియా వాళ్ళు మ్యాచ్ పాయింట్ మీదికి వచ్చేశారు. నా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. 23-21తో బయటపడ్డారు, మూడోది 21-19. తర్వాత మన గుంటూరు శ్రీకాంత్ క్రిస్టీని 21-15, 23-21తో ముగించేసరికి నేను లేచి నిలబడి అరుస్తున్నాను. పధ్నాలుగు సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా మీద 3-0. 1949లో మలయా మొదటిసారి గెలిచిన ఈ కప్పులో మనకది మొదటి ఫైనల్, మొదటి గెలుపు.

(ఆ ఏడు ఒక జాడీ బూజు పట్టింది. ముక్కలు సరిగ్గా తుడవలేదని ఇప్పటికీ అంటారు. థామస్ కప్పు అంటే మా అత్తగారికి ఆ జాడీయే.)

మర్నాడు మా సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. శ్రీకాంత్, సాత్విక్. ఒకరిది గుంటూరు, ఒకరిది అమలాపురం, మనవాళ్ళు కాబట్టి సహజమే. నేను కూడా దాని ముందు ఫోటో దిగాను. ఆ ఫ్లెక్సీలో లేనివాడి గురించి అప్పుడు నాకు ఆలోచనే రాలేదు.

ఫైనల్ ఆడనివాడు

ఫైనల్ కంటే ముందు రెండు రాత్రులున్నాయి. (జట్టుకీ జట్టుకీ మధ్య ఐదు ఆటలు, మామూలుగా ఒక సింగిల్స్, ఒక డబుల్స్ మార్చి మార్చి. మూడు గెలిచినవాళ్ళదే పోటీ.) క్వార్టర్ ఫైనల్లో మలేషియాతో 2-2, సెమీస్‌లో డెన్మార్క్‌తో 2-2. రెండుసార్లూ లక్ష్య ఓడిపోయాడు, ఒకసారి లీ జీ జియా చేతిలో, ఒకసారి అక్సెల్‌సన్ చేతిలో. రెండుసార్లూ సాత్విక్ జంటా శ్రీకాంతూ గెలిచారు. రెండుసార్లూ రెండో డబుల్స్ పోయింది. రెండుసార్లూ ఐదో ఆటకి ప్రణయ్ దిగాడు.

అప్పటికి ప్రణయ్ ఒక్క టైటిలైనా గెలిచి ఐదేళ్ళు. ప్రపంచ ర్యాంకు 23. జట్టు కప్పుల్లో సింగిల్స్ వరస ర్యాంకుల ప్రకారం ఉంటుంది కాబట్టి లక్ష్య ఒకటి, శ్రీకాంత్ రెండు, ప్రణయ్ మూడు. మూడో సింగిల్స్ అంటే ఏమిటో ఆడినవాళ్ళకే తెలుసు. మిగతావాళ్ళు మూడు గంటలో నాలుగు గంటలో ఆడుతుంటారు. నువ్వు వార్మప్ చేస్తావు, చల్లారిపోతావు, మళ్ళీ చేస్తావు. ఈలోగా జట్టు 3-1తో గెలిస్తే నువ్వు ఆడకుండానే బ్యాగు సర్దుకుంటావు, ఓడినా అంతే. నీ ఆట రావాలంటే అందరూ సగం సగం అయ్యుండాలి. అప్పుడు బరువంతా నీ నెత్తినే.

డెన్మార్క్ మీద ఆ రాత్రి గెమ్కేతో మొదటి గేమ్‌లో ప్రణయ్ కాలు జారి చీలమండ మెలికపడింది. కింద కూర్చుని పట్టుకున్నాడు, డాక్టర్ వచ్చాడు, లేచాడు. ఆ గేమ్ 13-21తో పోయింది. తర్వాత కుంటుతూనే 21-9, 21-12. మిగతా జట్టంతా కోర్టులోకి ఉరికింది. రెండ్రోజుల తర్వాత ఫైనల్ మూడు ఆటల్లోనే తేలిపోయింది కాబట్టి, మనల్ని ఫైనల్‌కి మోసుకొచ్చిన మనిషి ఆ రోజు రాకెట్ పట్టుకునే పనే పడలేదు.

ఇది మన ఒక్కరి కథ అనుకుంటే సరిపోయేది. కాదు. 2014లో ఢిల్లీ సిరిఫోర్ట్‌లో జపాన్ తొలిసారి థామస్ కప్ గెలిచింది. ఫైనల్లో మలేషియాకి ప్రపంచ నంబర్ వన్ లీ చోంగ్ వీ ఉన్నాడు, తన ఆట అలవోకగా గెలిచాడు కూడా. కప్పు మాత్రం 2-2 దగ్గర డారెన్ లియూని ఓడించిన తకుమా ఉయెడా చేతుల మీదుగా జపాన్‌కి పోయింది. ఉయెడా పేరు ఇక్కడ షటిల్ ఆడే పదిమందిని అడిగి చూడండి, తొమ్మిదిమందికి తెలియదు. 2016లో కున్‌షాన్‌లో డెన్మార్క్ గెలిచింది, ఆసియా బయటికి కప్పు వెళ్ళడం అదే మొదలు. అప్పుడు అక్సెల్‌సన్ వాళ్ళ మొదటి సింగిల్స్. ఆఖరి ఆట గెలిచింది మాత్రం విట్టింగుస్. మూడో సింగిల్స్.

లీ చోంగ్ వీ అంతటివాడు ఉండి కూడా మలేషియా 1992 తర్వాత ఆ కప్పు ముట్టుకోలేదు. కరోలినా మారిన్ మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్, రియోలో మన సింధుని ఓడించి బంగారం పట్టుకెళ్ళింది. ఆడవాళ్ళ జట్ల ఉబెర్ కప్‌లో స్పెయిన్‌కి ఒక్క పతకం లేదు. ఎంత గొప్పవాడు గెలిచినా పడేది ఒక్క పాయింటే. 472వ ర్యాంకు అమ్మాయి గెలిచినా అదే ఒక్కటి. ఈ 472 నేను ఊరికే రాసిన అంకె కాదు, కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

కప్పు మీద పేరున్నవాళ్ళు

నాకు ఈ మధ్యే తెలిసి ఆశ్చర్యపోయిన సంగతొకటి. కప్పుకి పేరిచ్చిన సర్ జార్జ్ థామస్ ఆల్ ఇంగ్లండ్ టోర్నీలో 21 టైటిళ్ళు గెలిచాడు. (చదరంగంలోనూ ఉద్దండుడే.) అందులో సింగిల్స్ నాలుగే, 1920 నుంచి 1923 దాకా. మిగతా పదిహేడూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్. ఆడవాళ్ళ కప్పుకి పేరిచ్చిన బెట్టీ ఉబెర్‌వి 13 టైటిళ్ళు. సింగిల్స్ ఎన్ని? ఒక్కటి. 1935లో.

అంటే మనం గొప్పగా చెప్పుకునే రెండు జట్టు కప్పుల మీదా ఉన్న పేర్లు డబుల్స్ ఆడేవాళ్ళవి. కావాలని అలా పెట్టారని అనను. ఆ రోజుల్లో క్లబ్బుల్లో షటిల్ అంటే సగానికి సగం డబుల్సే. థామస్ కప్ మొదట్లో తొమ్మిది ఆటలు, ఐదు సింగిల్స్, నాలుగు డబుల్స్. 1984లో రెండు కప్పుల్నీ ఒకే చోటికి, ఒకే సమయానికి తెచ్చినప్పటి నుంచి ఐదు ఆటలు, మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ఐదుకి కుదించాక ఒక్కో ఆట బరువు పెరిగింది. రెండో డబుల్స్ లేని జట్టు ప్రతిసారీ 0-1తో మొదలుపెడుతున్నట్టే.

సైనా, సింధు ఒకే పక్కన

మన ఆడపిల్లల జట్టు చూస్తే ఈ మాట ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అదే 2014 ఢిల్లీలో ఉబెర్ కప్ సెమీస్. అవతల జపాన్. సైనా గెలిచింది, సింధు గెలిచింది, 2-0. అప్పటికి ప్రపంచంలో అలాంటి ఇద్దరు సింగిల్స్ అమ్మాయిలున్న దేశాలు ఎన్ని? డబుల్స్ జంట జ్వాల, అశ్విని ఓడిపోయారు, మూడో సింగిల్స్ పోయింది, 2-2. ఇక ఐదో ఆట రెండో డబుల్స్.

ఎవరు దిగారో గుర్తుందా? సైనా, సింధు. అప్పటికే తలో సింగిల్స్ ఆడిన ఇద్దరూ మళ్ళీ బ్యాట్లు పట్టుకుని ఒకే పక్కన నిలబడ్డారు. అవతల పొద్దస్తమానం కలిసి ఆడే మయెదా, కకీవా జంట. ఓడిపోయాం. కంచు దగ్గర ఆగిపోయాం. 2016లోనూ కంచే.

ఆ రోజు టీవీ ముందు నేను, “పాపం పిల్లలు ఎంత కష్టపడ్డారో” అన్నాను. అనాల్సింది అది కాదు. నూట ఇరవై కోట్ల దేశానికి రెండో డబుల్స్ జంట లేక ఇద్దరు సింగిల్స్ ఛాంపియన్లని అరువు తెచ్చుకోవడమేంటి అని అడగాల్సింది. పదేళ్ళు గడిచాయి. 2024 ఫిబ్రవరిలో షా ఆలంలో ఆసియా జట్టు పోటీలు, మళ్ళీ సెమీస్, మళ్ళీ జపాన్. అశ్వినితో డబుల్స్ ఆడే తనీషా గాయపడింది. సింధు ఆ రోజు తన సింగిల్స్ ఓడిపోయి, మళ్ళీ అశ్విని పక్కన డబుల్స్‌కి దిగింది. ఆ ఆటా పోయింది (జట్టు ఎలా గట్టెక్కిందో తర్వాత చెప్తాను). జ్వాల ఏళ్ళ తరబడి డబుల్స్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదని మొత్తుకుంటే, నేను కూడా అందరితో పాటే “ఆ అమ్మాయికి నోరెక్కువ” అన్నవాణ్ణి. 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కంచు తెచ్చిన జంట వాళ్ళది. మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్ళకే ఉంది.

సుదిర్మన్ కప్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ ఆడామగా కలిపి ఒకే జట్టు, ఐదు ఆటల్లో మూడు డబుల్స్. 1989 నుంచి జరుగుతోంది, 2025 దాకా మనం క్వార్టర్ ఫైనల్ దాటలేదు.

మరి గెలిచాంగా?

ఇదంతా మా వాకింగ్ బ్యాచ్‌లో చెప్తే ఒకాయన ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు. “రెండో డబుల్స్ రెండుసార్లూ ఓడిపోయి కూడా కప్పు గెలిచాంగా బ్రదర్. ఇంక నీ గోలేంటి?”

నిజమే. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. 2022లో విష్ణువర్ధన్ గౌడ్, కృష్ణప్రసాద్ రెండో డబుల్స్ ఆడారు, నాకౌట్లలో గెలవలేదు, కప్పు మాత్రం వచ్చింది. షా ఆలంలో ఆడపిల్లలూ దాదాపు అంతే. చైనా మీద, జపాన్ మీద, ఫైనల్లో థాయ్‌లాండ్ మీద మూడుసార్లూ 2-2 అయింది, మూడుసార్లూ ఐదో ఆట పదిహేడేళ్ళ అన్‌మోల్ ఖర్బ్ గెలిచింది. ప్రపంచ ర్యాంకు 472. ఆ 472 ఇదే. అంటే మూడో సింగిల్స్ గట్టిగా ఉంటే రెండో డబుల్స్ లేకపోయినా బండి నడుస్తుందన్నమాట. మా కోచ్‌తో వాదించడానికి నాకు పనికొచ్చే మాట.

కానీ 2024 మేలో చెంగ్డూలో జరిగిన థామస్ కప్ చూడండి. క్వార్టర్ ఫైనల్లో చైనా. ప్రణయ్ ఓడాడు, సాత్విక్ జంట ఓడింది, లక్ష్య లీ షిఫెంగ్ మీద గెలిచాడు, రెండో డబుల్స్ పోయింది. 1-3. మన మూడో సింగిల్స్ ఎంత గట్టివాడైనా ఐదో ఆటంటూ వస్తేగా! నాలుగోది చేజారితే ఐదోది లేదు. 2022లో కలిసొచ్చింది, మొదటి డబుల్స్ ఒక్క నాకౌట్‌లో కూడా ఓడలేదు. అది ఓడిన రోజు ఇలాగే ఉంటుంది. నా వాదన దీంతో గెలిచిందని అనను, 1-1 అనుకుందాం.

అసలు చిక్కు ఆటలో కంటే డబ్బులో ఉంది. థామస్, ఉబెర్ కప్పుల్లో ప్రైజ్ మనీ లేదు. ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్‌కి జట్టు పోటీ లేదు. ప్రభుత్వాల నజరానాలన్నీ ఒలింపిక్ పతకం చుట్టూ కట్టినవి. 2016లో సింధు వెండి తెస్తే తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ఇచ్చాయి. ఇవ్వాల్సిందే, అందులో పేచీ లేదు. థామస్ కప్ గెలిచిన ఆటగాళ్ళందరికీ కలిపి బ్యాడ్మింటన్ సంఘం కోటి, కేంద్ర క్రీడా శాఖ నిబంధనలు సడలించి మరీ ఇంకో కోటి ప్రకటించాయి. పదిమందికి పంచుకుంటే ఎంతో లెక్క వేసుకోండి. 2024లో టీ20 ప్రపంచ కప్ గెలిచిన క్రికెటర్లకి మహారాష్ట్ర ప్రభుత్వం సన్మానం చేస్తే, మా థామస్ కప్ సంగతేంటని చిరాగ్ శెట్టి బయటపడి అడిగాడు. అడగాల్సి రావడమే చిన్నతనం.

సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ రికార్డులకెక్కింది, పిల్లలందరికీ ఆ అంకె కంఠతా వచ్చు. డబుల్స్‌లో ఆ స్మాష్‌కి ముందు నెట్ దగ్గర నిలబడి అవతలివాడు గత్యంతరం లేక కాక్ పైకి లేపేలా చేసేవాడి పనికి ఏ మీటరూ లేదు. ఇద్దరూ వెనక నుంచి బాదే కుర్రాళ్ళే అయినా, ఇద్దర్నీ ఒకే పక్కన పెట్టొచ్చని మలేషియా నుంచి వచ్చిన కోచ్ తాన్ కిమ్ హర్‌కి తోచింది. మనవాళ్ళకి తోచలేదని దెప్పడం కాదు నా ఉద్దేశం. డబుల్స్‌ని ప్రత్యేకంగా ఒక చదువులా చదివినవాడి కంటికే అది ఆనింది.

ఈ లెక్కలు తెలిశాక 2024 ఉబెర్ కప్‌కి సింధు, మన మొదటి డబుల్స్ జంటలు వెళ్ళలేదంటే నాకు కోపం రాలేదు. పారిస్ అర్హత గడువూ ఆ కప్పూ దాదాపు ఒకేసారి వచ్చాయి. ఏడాదంతా పోగేసుకున్న ర్యాంకూ ఒంట్లో ఓపికా ఎక్కడ ఖర్చు పెట్టాలో వాళ్ళ ఇష్టం. అయినా చిన్నపిల్లల జట్టు క్వార్టర్స్ దాకా వెళ్ళి జపాన్ చేతిలో 0-3తో తిరిగొచ్చినప్పుడు ఎక్కడో కలుక్కుమంది. ఆ రెండు భావాలూ నాలో ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

నలుగురు తల్లిదండ్రుల ఆట

మన ఊళ్ళల్లో డబుల్స్‌కి అసలు శత్రువు ఇంటర్మీడియట్.

నవ్వకండి. పదో తరగతి అయ్యేసరికి మా అకాడమీలో ఆడపిల్లలు సగానికి సగం మాయమవుతారు. కార్పొరేట్ కాలేజీ హాస్టలు, పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. బ్యాటు అటక మీదికి పోతుంది. సింగిల్స్ పిల్ల నిలవాలంటే ఒక ఇంట్లో తెగింపు ఉంటే చాలు. డబుల్స్ జంట నిలవాలంటే రెండిళ్ళల్లో ఒకేసారి తెగింపు ఉండాలి. నాలుగేళ్ళు కష్టపడి ఆడించాక అవతలి పిల్ల నాన్నకి ట్రాన్స్‌ఫరయినా, అవతలి పిల్లకి బైపీసీ మీద మనసు పోయినా, మన పిల్ల మళ్ళీ మొదటికొస్తుంది. నా భయం ఇదీ. చిన్నతనం అనుకున్నది పైకి కనపడే కారణం, కింద ఉన్నది ఇది. నా పిల్ల భవిష్యత్తు తాళం ఇంకొకరింట్లో ఉండటం.

గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది సింగిల్స్‌లో. ఆయన కూతురు గాయత్రి ట్రీసాతో కలిసి డబుల్స్ ఆడుతోంది, 2022లో, 2023లో వరసగా ఆల్ ఇంగ్లండ్ సెమీస్ దాకా వెళ్ళారు. అంతటి ఇంట్లోనే డబుల్స్ చిన్నతనం కాలేదు, నీకేమొచ్చిందని మా ఆవిడ అడిగింది. వాళ్ళ ఇంట్లో అకాడమీ ఉంది, మన ఇంట్లో ఈఎంఐ ఉంది అన్నాను. మాటకి మాట బాగానే కుదిరింది గానీ, అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మధ్యలో పడ్డ కాక్

మొన్న సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ వాకర్స్ క్లబ్బుల మధ్య జట్టు పోటీ పెట్టారు. థామస్ కప్ పద్ధతే, ఐదు ఆటలు, కాకపోతే వయసుల వారీగా. మా జట్టులో మొదటి సింగిల్స్ ఒక ఇంజినీరింగ్ కుర్రాడు, వాడి ఆట చూడ్డానికే జనం వచ్చారు. నాకూ, బ్యాంకులో చేసి రిటైరైన మా బాబాయ్ గారికీ రెండో డబుల్స్. బాబాయ్ అంటే చుట్టరికం కాదు, కోర్టులో అందరికీ ఆయన బాబాయే. వరసలో మా ఆట ఆఖరిది. 2-2 అయింది. రాత్రి పదకొండున్నర. చూడ్డానికి వచ్చిన జనమంతా కుర్రాడి ఆట అయిపోగానే వెళ్ళిపోయారు. మిగిలింది రెండు జట్లూ, వాచ్‌మన్, లైట్ల చుట్టూ పురుగులు.

మూడో గేమ్ 19-20. అవతలివాడు మామూలు లిఫ్ట్ ఒకటి ఎత్తాడు. మా ఇద్దరికీ సరిగ్గా మధ్యలోకి. నేను బాబాయ్ తీస్తాడనుకున్నాను. బాబాయ్ నేను తీస్తాననుకున్నాడు. ఇద్దరం తలెత్తి చూస్తూ నిలబడ్డాం. అది నింపాదిగా దిగి మా ఇద్దరి మధ్య గీత పక్కన పడింది.

ఎవరూ ఏమీ అనలేదు. మా కుర్రాడు వచ్చి “పర్లేదంకుల్” అన్నాడు. తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చేటప్పుడు బాబాయ్ చెప్పాడు. “మా రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం అబ్బాయ్. పసుప్పచ్చ ఊలు బంతి. ఫ్రంట్‌వాడు, సెంటర్‌వాడు, బ్యాక్‌వాళ్ళు. ఎవడి జాగా వాడిది. ఊళ్ళో సెంటర్ ఆడేవాడికి కూడా పేరుండేది, వాడి కోసం పక్కూరి వాళ్ళు ఎడ్లబండి కట్టుకొచ్చేవాళ్ళు.” ఆ ఆటకి 1970లోనే వరంగల్ పిచ్చయ్య గారికి అర్జున వచ్చింది. ఒక తరం కింద మన ఊళ్ళల్లో బ్యాట్ పట్టడమంటే అయిదుగురిలో ఒకడు కావడం. ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. టీవీలో ఒక్కరే కనపడటం మొదలైన దగ్గర్నుంచేమో. సింగిల్స్‌లో మధ్యలో పడే కాక్ అంటూ ఉండదు, అన్నీ నీవే. డబుల్స్‌లో ఆ మధ్య జాగా ఎవరిదో తేల్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది. సైనా, సింధు లాంటివాళ్ళకైనా ఒక్క సాయంత్రంలో తేలేది కాదది.

తర్వాతి థామస్, ఉబెర్ కప్పులు ఎలాగూ వస్తాయి. ఎవరు వెళ్తారో, ఎవరు మానేస్తారో అప్పటి సంగతి. ఈసారి స్కోరు చూసేటప్పుడు మాత్రం నా కన్ను ముందు నాలుగో వరస మీదికి పోతుంది.

మొన్న ఆదివారం మళ్ళీ కోర్టుకి వెళ్ళాం. కోచ్ మా అమ్మాయిని ఇంకో పిల్ల పక్కన నిలబెట్టి నెట్ దగ్గర ఆడిస్తున్నాడు. ఆ పిల్ల వాళ్ళ నాన్న బయట టీ కొట్టు దగ్గర ఉన్నాడు, హైస్కూల్లో లెక్కల మాస్టారట. పరిచయం చేసుకున్నాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “పదో తరగతి అయ్యాక ఎక్కడ వేద్దామనుకుంటున్నారండీ?”

“ఇంకా రెండేళ్ళుందిగా మాస్టారూ,” అన్నాను.

“అవుననుకోండి,” అన్నాడాయన, గ్లాసులోకి చూస్తూ. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆయన భయం నాకు తెలుస్తూనే ఉంది, నాది ఆయనకీ తెలిసినట్టే ఉంది. టీ అయిపోయాక అడిగాడు, “ఫెదర్ కాక్‌లు బాగా పిరమైపోయినయ్యండీ. ఇద్దరి పిల్లలకీ కలిపి ఒకే డబ్బా తెప్పిద్దామా? చెరి సగం వేసుకుందాం.”

డబ్బాకి పన్నెండు. సరేనన్నాను.